ఒక్క కొమ్మ తుఫాను

సెప్టెంబరు వచ్చినా ఆ ఏడు ఎండ తగ్గలేదు. ఇవాకి కొండ మీంచి చలి దిగడమైతే దిగింది గానీ, సగం దారిలో, చిన్నకోడలు హరుమి తోటలోనే మకాం పెట్టేసింది, ఏదో చుట్టరికం ఉన్నట్టు. కింద, పెద్దకోడలు కినుయే తోటలో రాత్రిళ్లు కూడా ఉక్కపోతే. ఆపిల్ ఎర్రబడాలంటే రాత్రిళ్లు చల్లబడాలి. పైతోటలో ముందుకాపు కాయలు అప్పుడే రంగెక్కాయి. కింది తోటలో కాయలు పచ్చగా, మొండిగా వేలాడుతున్నాయి.

కినుయేకు ఒళ్లు మండిపోయింది. మనుషుల మీద అసూయపడేవాళ్లు లోకంలో బోలెడుమంది. ఆవిడ చలి మీద కూడా పడింది.

మామ తొకుజి తోటలు పంచినప్పుడు పెద్దకొడుక్కి ఇల్లూ, ఇంటి వెనకున్న పల్లపు తోటా వచ్చాయి. చిన్నకొడుక్కి కొండవాలు వచ్చింది. అప్పట్లో ఆ వాలు ఎవరికీ అక్కర్లేదు. ఎండలు ముదిరాక ఇప్పుడు అందరి కళ్లూ దానిమీదే. అదంతా కినుయే ఎలాగో దిగమింగుకునేది. మింగుడుపడనిది వేరే ఉంది.

పగలూ రాత్రీ సమానమయ్యే హిగాన్ వారంలో, పోయిన అత్త ఫుయు పటం ముందు ఆ ఏటి తొలి ఆపిల్ పెడతారు. రెండు తోటల కాయల్లోంచీ బాగా ఎర్రటిది మామ ఏరతాడు. ఏటా హరుమి కాయే. అత్తకు చివరి రోజుల్లో గంజి తాగించి, ఒళ్లు తుడిచింది కినుయే. పటం ముందు పొద్దున్నే వేడన్నం పెట్టి, గంట కొట్టేది కినుయే. ఏడాదికోసారి కాయ పట్టుకొచ్చి ముద్దుగా కూర్చునే హరుమికి మాత్రం ఆ పూట అత్త కూడా సొంతమైపోయేది. అత్త తనది. ఆ ఒక్క పూటైనా ఎందుకు వదులుకోవాలి?

"ఏమ్మాయ్, నీ చెట్లకింకా వేసవి సెలవులు అయిపోలేదా?" అన్నాడు మామ, తోటలోకి తొంగి చూసి.

"కాస్త చలి పడనివ్వండి మావయ్యా. మీ కళ్లు చెదిరిపోతాయి."

"శుక్లాలొచ్చి అవెప్పుడో చెదిరాయిలే."

అంటూ మామ నవ్విన నవ్వు ఆవిడకు సూదిలా గుచ్చుకుంది.

కాయకు ఎండ తగలాలని, దాన్ని కప్పే రెండు మూడు ఆకులు గిల్లడం అక్కడ అందరూ చేసే పనే. అంతకు మించి గిల్లకూడదని కూడా అందరికీ తెలుసు. కాయకు తీపి పెట్టేది ఆ ఆకులే. కినుయేకూ తెలుసు. తెలిసే, కాలవ వైపున్న చెట్టుకు నిచ్చెన వేసి, ఎవరికీ కనపడని కొమ్మ చూసుకుని, మొదట రెండాకులు గిల్లింది. పైతోటలో హరుమి ఏదో కూనిరాగం తీస్తోంది. మరో నాలుగు గిల్లింది. రాగం ఆగలేదు. కినుయే చేతులూ ఆగలేదు. దిగి చూసుకునేసరికి కొమ్మ మీద కాయలు తప్ప ఒక్క ఆకు లేదు. కింది నుంచి కూడా ఎండ తగిలేలా చెట్టు కింద తళతళలాడే పట్టా పరిచి, రాలిన ఆకుల్ని ఎరువు గుంటలో కప్పెట్టేసింది.

కాయలు ఎర్రబడ్డాయి. అలా ఇలా కాదు, చుట్టూరా, తొడిమ దాకా.

హిగాన్ నాడు మామ రెండు కాయల్నీ కళ్లకు దగ్గరగా తిప్పి తిప్పి చూసి, కినుయే కాయ తీసి పటం ముందు పెట్టాడు. ఆవిడ గుండె పొంగిపోయింది. అత్త వైపు చూసి, చూశారా అన్నట్టు కళ్లెగరేసింది కూడా.

మధ్యాహ్నం ఆ కాయ దించి, కోసి, అందరికీ తలో ముక్క పెట్టారు. కినుయే కొరికింది. చప్పగా ఉంది, నీళ్లు నమిలినట్టు.

"రంగు బాగుందమ్మాయ్," అని మామ ఊరుకున్నాడు.

హరుమి మాత్రం తీరిగ్గా నమిలి, "తియ్యగా ఉందక్కా, ఇంకో ముక్క పెట్టవా?" అంది. కినుయే పెట్టింది. దీనికి నాలుక లేదా, లేక నన్ను చూసి జాలిపడుతోందా అని ఆ రాత్రంతా ఉడికిపోయింది.

అక్టోబరులో అసలు పంట కోతకు హరుమి బుట్టతో కిందికొచ్చింది. కాలవ గట్టున మామ నిలబడి ఉన్నాడు.

"ఇద్దరూ ఇట్రండర్రా. వసంతం వచ్చింది."

బోసి కొమ్మ నిండా తెల్లటి పూలు. ఆకులు పోయి, ఎండలు తగ్గక, చెట్టు కాలం మరిచి, వచ్చే ఏటి మొగ్గల్ని ఇప్పుడే విప్పేసింది. పక్క కొమ్మలన్నీ ఆకులతో నిండుగానే ఉన్నాయి.

"ఈ కొమ్మ ఆకులేమయ్యాయి?" అన్నాడు మామ.

కినుయే పెదవి విప్పేలోపే హరుమి అందుకుంది. "తుఫాను గాలికి రాలినట్టున్నాయి మావయ్యా."

ఆ ఏడు తుఫానే రాలేదు.

"అవునవును, పెద్ద తుఫానే," అన్నాడు మామ. "పాపం, ఒక్క కొమ్మను వెతుక్కుంటూ వచ్చింది. వచ్చే ఏడు దీనికి కాయుండదు." చేయి చాచి ఓ పూలరెమ్మ విరిచాడు. దాన్ని అందుకోవడానికి కినుయే అలవాటుగా రెండు చేతులూ పట్టింది. ఆయన రెమ్మను హరుమికిచ్చాడు.

"నువ్వు పెట్టమ్మా మీ అత్తకి. మీ అక్క చేతులు అలిసిపోయుంటాయి."

"అక్క ఉండగా నేనెందుకు మావయ్యా?"

"పెట్టమన్నానుగా."

హరుమి ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి పటం ముందు గంట చిన్నగా మోగింది. కినుయే చెట్టు కిందే నిలబడి విన్నది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఆ గంట వేరే చేత్తో మోగడం అదే మొదటిసారి. హరుమి ఆ అబద్ధం ఆడకుండా, ఉన్నది ఉన్నట్టు మామతో చెప్పేసి ఉంటే ఎంత బాగుండేది! దాన్ని తిట్టుకోవడానికైనా ఏదో ఒకటి దొరికేది.