చప్పుడు లేని పొద్దు

"సమ్మె మాకు గని నీకేడిది, జర ఐదు ఛాయ్‌లు పెట్టు," అన్నాడు స్టీఫెన్ ముందుగదిలోంచి. నవ్వుతూనే అన్నాడు. జోస్నా కూడా నవ్వినట్టే ముఖం పెట్టి గిన్నెలో నీళ్ళు పోసింది.

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి, ట్రెజరీలో పనిచేసే ఆమె భర్త ఇంట్లోనే ఉంటున్నాడు. అతనితోపాటు అతని ఆఫీసు, అతని సంఘం, వాళ్ళ చర్చలు, వాళ్ళ ఆకలి కూడా కొత్తపేటలోని ఆ చిన్న ఇంట్లోకి వచ్చి కూర్చున్నాయి. ఇంట్లో ఉంటే కాస్త పని అందుకుంటాడేమోనని ఆమె మొదట్లో ఆశపడింది. పని పెరిగింది. "మొగోళ్ళు గింత కొట్లాడుతుంటే ఛాయ్ వెట్టనీకి నీకేం బరువు," అంటుంది అత్త బాలమ్మ. బరువని జోస్నా ఎన్నడూ అనలేదు. అనకముందే జవాబు చెప్పడం ఆ ఇంటి అలవాటు.

ఆమె యూనివర్సిటీలో పక్షుల మీద పరిశోధన చేస్తోంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే రోడ్డు పక్కన, కానుగ చెట్ల మీద ఉండే గోరింకలు ఆమెవి. బస్సుల రొద బొంగురుది. అందులో మునిగిపోకుండా ఆ గోరింకలు ఊళ్ళలోని వాటికన్నా గొంతు హెచ్చించి సన్నగా కూస్తున్నాయని ఆమె రికార్డు చేసి చూపించింది. ఆ తర్వాతి ప్రశ్నే ఆమెను వదలకుండా పట్టుకుంది. ఈ రోడ్డు పక్కనే పుట్టి, ఈ రొదలోనే పెరిగిన పక్షికి ఆ హెచ్చు గొంతు తరాలుగా రక్తంలో కలిసిపోయిందా, లేక చప్పుడున్నంతసేపు తప్పనిసరై తెచ్చిపెట్టుకున్నదా? అది తేలాలంటే రోడ్డు ఆగాలి. హైదరాబాదులో ఏ రోడ్డు ఆగుతుంది? ఇప్పుడు ఆగబోతోంది. బస్సులు ఎప్పుడో డిపోల్లో నిలిచిపోయాయి. రేపు రహదారుల దిగ్బంధం, లారీలూ ఆటోలూ కూడా కదలవు.

ఛాయ్ పొంగుతుండగా గైడు త్రినాథరావు ఫోన్ చేశాడు. "రేపటిలాంటి పొద్దు మళ్ళీ దొరకదమ్మా. నీకు ఇంట్లో కుదరకపోతే మొహమాటపడకుండా చెప్పేయ్, మన ల్యాబ్‌లోని గౌతమ్‌ని పంపిస్తాను. కాకపోతే డేటా ఎవరు తెస్తే రిసెర్చ్ పేపర్లో మొదటి పేరు వాళ్ళదే. అది న్యాయం కదా."

ప్రశ్న నాది కదా, అనుకుంది. పైకి మాత్రం, "నేనే పోత సార్," అంది.

వచ్చినవాళ్ళు వెళ్ళాక స్టీఫెన్ అన్నం ముందు కూర్చుంటూ చెప్పాడు. "రేపు తెల్లారకముందే మావోళ్ళు వస్తరు. ఉప్మా చేసి పెట్టు, తిని పోయి చౌరస్తాల కూసుంటం."

"రేపు పొద్దుగాల నేను చెట్లకాడ ఉండాలె."

"పిట్టలు ఎల్లుండి గూడ కూస్తయి."

"ఎల్లుండి రోడ్డు గిట్ల ఉండదు."

అతను ముద్ద కలపడం ఆపాడు. "తెలంగాణకన్న నీ గోరెంకలు ఎక్కువైనయా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పెళ్ళికి ముందు క్యాంపస్‌లో తెలంగాణ ఊరేగింపు నాడు పోలీసులు వెంటపడితే హాస్టల్ గోడ దూకి మోచెయ్యి విరగ్గొట్టుకున్న మనిషి ఆమె. నేను చేసుకోబోయే పిల్ల లాఠీలకు ఎదురుపోయిందని ఇతనే నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ తెలంగాణకు ఇప్పుడు ఆమె చేయవలసింది ఉప్మా. కోపం వచ్చింది. ఆ వెంటే భయం. ఇంకాస్త ముందు లేచి రెండు పనులూ చేసేస్తే గొడవుండదు కదా అని లోపల్నుంచి ఎవరో సర్దిచెప్పారు. ఇన్నాళ్ళూ అలాగే నెగ్గుకొచ్చింది. రెండూ చేసి, ఏదీ చేయనట్టు కనిపించడం ఆమెకు బాగా వచ్చు. అలా చేసిన పని ఎవరి లెక్కలోకీ రాలేదన్న సంగతి మాత్రం ఆ పూటే తట్టింది.

తెల్లవారుజామున బాలమ్మ ప్రార్థన ముగించుకుని, పెద్ద గిన్నె తీసి పొయ్యి పక్కన పెట్టింది. జోస్నా భుజాన రికార్డరు సంచితో రాగానే ఆమె చూపు ఆ సంచి మీదే పడింది. "రవ్వన్న వేయించి పో బిడ్డా."

"ఆయనను వేయించుమనుండ్రి అత్తమ్మా. ఆఫీసు లేదు గద."

చెప్పుల పట్టీ పెట్టుకుని గడప దాటింది.

రోడ్డు మీద మనిషి లేడు. చౌరస్తా వైపు పోలీసు వ్యాను ఒకటి లైట్లార్పి నిలబడి ఉంది. తన అడుగుల చప్పుడు ఆ రోడ్డు మీద మొదటిసారి తనకే వినిపించింది. కానుగ చెట్టు కింద రికార్డరు నిలబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మొదటి గోరింక ఎప్పటిలాగే సన్నగా, తొందరతొందరగా కూసింది. మళ్ళీ అలాగే. జోస్నా ఊపిరి బిగబట్టింది. కాసేపటికి పక్క కొమ్మ మీంచి, ఇన్నేళ్ళలో ఆ చెట్టు మీద ఎన్నడూ వినని బొంగురు స్వరం ఒకటి వచ్చింది. దానికి ఇంకొకటి అంతే నెమ్మదిగా బదులు పలికింది. రక్తంలో కలవలేదన్నమాట. ఒక్క పొద్దుతో రుజువు కాదని తెలుసు. అయినా కళ్ళు చెమర్చాయి.

అంతలో తోపుడుబండి మీద మైక్‌సెట్టు పెట్టుకుని స్టీఫెన్ వాళ్ళు వచ్చారు. కొత్తపేట వాళ్ళంతా కలుసుకునేది ఆ చెట్ల దగ్గరే.

"జర కొద్దిసేపు మైకు వెట్టకుండ్రి," అంది జోస్నా అందరితో. "వెల్తురొచ్చేదాంక చాలు."

స్టీఫెన్ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతంటేనే ఆమెకు భయం. "అందరి ముంగట ఇజ్జత్ తియ్యకు. ఇంటికి వోయి పొయ్యి ముట్టియ్యి. గీ పిట్టల సదువు ఇయ్యాల్టితోని బంద్."

ఆమె కదల్లేదు. రికార్డరు ఆపనూ లేదు. అతను ఒక్క క్షణం చూసి, వెనక్కి వెళ్ళి మైకు అందుకున్నాడు. నినాదం చెట్లను కుదిపేసింది. గోరింకలు గుంపుగా లేచి, పక్క చెట్టు మీద వాలి, మళ్ళీ ఆ సన్నని హెచ్చు గొంతులెత్తుకున్నాయి. నిశ్శబ్దంలో దిగిన గొంతు, చప్పుడులో ఎక్కిన గొంతు, రెండూ ఒకే పొద్దున ఆమెకు దొరికాయి.

వెలుగొచ్చాక జనం చౌరస్తాకు కదిలారు. స్టీఫెన్ వెనకబడి, వైర్లు చుడుతున్న ఆమె పక్కన నిలబడ్డాడు.

"నేనన్న మాటలు గూడ అండ్ల వడ్డయా?"

"వడ్డయి."

"మీ సార్ ఇంటడా?"

"ఇంటడు."

అతను అటూ ఇటూ చూశాడు. "అవి తీసెయ్."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"తియ్య," అంది. "చప్పుడు యాడికెల్లొచ్చిందో గూడ పేపర్ల రాయాలె."