పండుగ పెనం

ఓబన్న పెనాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆముదంలో తడిపిన గోనెగుడ్డతో అంచు నుంచి నడిమికి తిప్పి తిప్పి రుద్దుతున్నాడు. అతని ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి, నల్లగా మొద్దుబారింది. తుప్పు పొక్కు తగిలితే ఆ గోటితోనే గీకి, ఊది, మళ్లీ రుద్దేవాడు. రెండేళ్లుగా వానల్లేవు. ఆముదం దొరకడమే గగనమైంది. దగ్గు తగ్గడానికి రొమ్ముకు పట్టించుకొమ్మని మిషను డాక్టరమ్మ ఇచ్చిన నూనె కూడా పెనాలకే పట్టిస్తున్నాడు.

అది కర్నూలులో శెట్టి పాత ఇనుము అంగడి. వెనక రేకుల కొట్టంలో, గోడ పొడుగునా పెనాలు ఆనించి ఉన్నాయి. అన్నీ పోత ఇనుమువి, తాతల నాటివి, ఓబన్న సొంత ఊరివి. చూసేవాళ్లకు అన్నీ ఒకటే. ఓబన్న చేత్తో తడిమితే చాలు, ఏది ఎవరి పొయ్యిదో చెప్పేవాడు. గురమ్మ పెనానికి ఒక చెవి లేదు. గంగక్క పెనం నడుమ చిన్న గుంట. దాని మీద రొట్టె ఎప్పుడూ ఒక పక్క మాడేది. గంగక్క మొగుడు చేలో కూర్చుని, మాడిన ముక్క పక్కవాడికంటగట్టి వాడి రొట్టె తినేవాడు.

కరువు మొదలైన ఏడు ఆడవాళ్లు ఒక్కొక్కరే పెనం నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చారు. శెట్టి పెనం తీసుకుని జొన్నలు పోశాడు. అమ్ముతున్నామని వాళ్లలో ఒక్కరూ అనుకోలేదు. పెనం అమ్ముకోవడమంటే ఇంటి పొయ్యి ఆర్పుకోవడమే. అందుకని "మా ఓబన్న కాడ పెట్టొచ్చినాం" అని చెప్పుకున్నారు. పంట ఇంటికొస్తే జొన్నలు తిరిగి పోసి తెచ్చుకోవచ్చని వాళ్ల ధీమా. ఓబన్న అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కొంగున జొన్నలు మూట కట్టుకుంటున్న ఆ చేతుల్ని చూస్తూ ఏమని చెబుతాడు? పెనాల్ని కొట్టంలోకి చేర్చి, తుప్పు ముట్టకుండా కాచుకుంటూ వచ్చాడు. ఇనుము ధర ఇంకా ఎక్కుతుందని శెట్టి కూడా ఊరుకున్నాడు.

ఆ పొద్దు శెట్టి నోట్లో వేపపుల్లతోనే కొట్టంలోకి వచ్చాడు.

"ఓబన్నా, ఆ గుడ్డ పారేసి సమ్మెట తీసుకో. మధ్యాన్నానికి లారీ వస్తాది. పెనాలన్నీ పగలగొట్టి వక్కలు చేసి పెట్టు."

ఓబన్న చెయ్యి ఆగిపోయింది. "ఏం తొందరొచ్చె సామీ?"

"కొత్త ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయితాందంటప్పా! ఆఫీసరోళ్లు గొడ్ల కొట్టాలు గూడా బాడిగకు అడుగుతాండారు. మనది రేకుల కొట్టం, మేడ కింద లెక్క."

"వాన పడితే ఆడోళ్లు వస్తారు సామీ."

"వాన పడాల, విత్తాల, మొలవాల, కోయాల. అంతదాకా నేను కావిలి ఉండాల్నా? నా జొన్నలు తిన్యారు గదా, అవి తిరిగొస్తాయా?"

"జొన్నలు భూమిలోనుంచి వస్తాయి. ఈ పెనాలు యాడ్నుంచి వస్తాయి?"

"పొయ్యిమీద పెట్టను పిడికెడు పిండి లేనోళ్లకు పెనమెందుకప్పా? నీకు చేతగాదంటే చెప్పు. బయట శానామంది నిలబడుకొని ఉండారు."

నిజంగానే వీధిలో చాలామంది నిలబడి ఉన్నారు. ఓబన్న సమ్మెట అందుకున్నాడు.

పోత ఇనుము వంగదు. మొదటి దెబ్బకు చర్చి గంటలా మోగుతుంది. రెండో దెబ్బకు ఆ మోత నడుమనే తెగుతుంది. అన్నం పెట్టిన ముఖం చూస్తూ కొట్టలేక, ప్రతి పెనాన్నీ బోర్లించి కొట్టాడు. గంగక్క పెనం సరిగ్గా గుంట దగ్గరే పగిలింది. మొన్ననే పట్టించిన ఆముదం ముక్కల మీద ఇంకా మెరుస్తోంది. దగ్గు వచ్చినప్పుడల్లా సమ్మెట కర్ర పట్టుకుని వంగి, ఊపిరి అందాక మళ్లీ ఎత్తాడు.

చివరికి పండుగ పెనం మిగిలింది. అది ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఊళ్లో వాళ్ల క్రైస్తవ పేట మొత్తానిది. ఒకేసారి మూడు రొట్టెలు పట్టేంత పెద్దది. క్రిస్మసుకు అందరి పిండీ కలిపి దాని మీదనే కాల్చేవాళ్లు. అన్నిటికన్నా ఆఖరున దాన్ని గంగక్కా గురమ్మా మోసుకొచ్చారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా.

ఓబన్న సమ్మెట కింద పెట్టాడు. "సామీ, ఈ ఒక్కటి నాకియ్యి. ఈ వారం నాకు జొన్నలు పోయొద్దు."

శెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. "నువ్వు మోసేదేనా అది? నిన్నే ఇద్దరు మోయాల్సినట్టుండావు. సరే, తీసకపో."

పగిలిన ముక్కలు నింపుకుని లారీ రైలుస్టేషను దారి పట్టింది. ఓబన్న తువ్వాలు చుట్టకుదురు చేసి, పెనం నెత్తికెత్తుకుని, ఓర్వకల్లు దారిన ఊరికి బయలుదేరాడు. ఎండకు ఇనుము కాగి చెవులు చురుక్కుమన్నాయి. అందరివీ పగలగొట్టి ఒకరిది తెస్తే మిగిలినవాళ్ల ముఖం ఎట్లా చూడాలి? ఇది అందరిదీ. ఇది వాళ్ల ముందు పెట్టి, మిగతావాటి సంగతి తన నోటితోనే చెప్పాలి. 'నేనే పగలగొట్టినానమ్మా.' నడుస్తూ నడుస్తూ ఆ మాటనే పెదాల మీద అనుకున్నాడు.

పొద్దు వాలేసరికి నల్లరాళ్ల గుట్టల దగ్గరికి చేరాడు. అక్కడ సర్కారు కరువుపని నడుస్తోంది. రోడ్డు పక్క కంకర కొడుతున్న ఆడవాళ్లలో గంగక్క ముందుగా చూసింది.

"ఒమ్మో, మన పండుగ పెనమే! ఓబన్నొచ్చినాడే!"

సుత్తులు ఆగాయి. పరుగున వచ్చి పెనం దించారు. ఓబన్న కంకర కుప్పకు ఆనుకుని కూలబడ్డాడు.

"పెనమొచ్చె, ఇంక పిండి రావాల!" అంది ఎవరో. చాలా నెలల తర్వాత అందరూ నవ్వారు.

"నాది ముందర తేలేదేమన్నా?" అంది గురమ్మ. "చెవిటిదని ఎవరూ ఎత్తకపోరనుకున్యావా?"

గంగక్క పెనం లోపల అరచేత్తో రాసి, ఆ చేతిని వాసన చూసుకుంది. "ఎంత బాగ పెట్టినాడో సూడండి. మనవన్నీ ఇట్లే ఉంటాయి."

ఓబన్న నోరు తెరిచాడు. "నేనే..." అన్నాడు. దగ్గు తెర అడ్డం వచ్చింది. అది తగ్గాక తల కంకర మీదికి వాల్చాడు.

"అలిసినాడు, పండుకోనీండి," అంది గంగక్క. మేస్త్రీ కేకేయడంతో మళ్లీ సుత్తుల దగ్గరికి పోయారు.

పని వదిలే ఈల మోగాక, లేపుదామని గురమ్మ అతని భుజం పట్టుకుంది. మళ్లీ పట్టుకుని కుదిపింది. ఆ తర్వాత చెయ్యి తీయలేక అట్లాగే కూర్చుండిపోయింది.

ఉత్తరాన ఉరిమింది. అతన్ని దుప్పట్లో వేసి, నాలుగు మూలలా పట్టి లేపారు. తిండిలేని ఒళ్లకు అతని ఎముకలే బరువైనాయి. చేతులు మార్చుకుంటూ అందరూ మోయాల్సి వచ్చింది. "పెనం?" అంది ఒకామె వెనక్కి తిరిగి. "ఉండనీలే, రేపు తెచ్చుకుందాం," అంది గంగక్క, కళ్లు తుడుచుకుంటూ.

కంకర కుప్ప పక్కన పెనం వెల్లకిలా ఉంది. మొదటి చినుకులు ఆముదం మీద నిలవక ముత్యాల్లా జారాయి. తర్వాత వాన పెరిగి, దాని అంచుదాకా నీళ్లు నిలిచాయి.