వెండి సామాను మాదిరి

మునిరత్నానికి ఆ గది నుంచి విడుదల విజయదశమి పొద్దున దొరికింది. కిటికీ లేని గది, ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు, ఎండాకాలంలోనూ వణికించే ఏసీ. తిరుపతిలో ఉండి కొండ కనపడని చోటు అదొక్కటే కాబోలు. పెళ్ళయిన నాటి నుంచీ అతను అందులో కూర్చుని, ఫోన్ల కంపెనీవారి తిరుపతి-చిత్తూరు లైనుకు కాపలా కాస్తుంటే, భార్య పంకజాక్షి చిత్తూరు కోర్టులో టైపు కొట్టుకుంటూ హాస్టల్లో ఉంటోంది. ఆదివారం కాపురం అని చుట్టాలు ఎగతాళి చేసేవారు. ఆ ఆదివారాల్లోనూ సగం లైనే మింగేసింది.

బదిలీ అడిగినప్పుడల్లా మేనేజరు మునిరామయ్యది ఒకటే పాట. "నువ్వు పోతే ఈ లైను ఎవరు సూస్తారప్పా?" పని రానివాడైతే ఎప్పుడో తరిమేసేవాళ్ళు. పని వచ్చిన పాపానికి కట్టేసుకున్నారు.

ఇంతకీ ఆ పని ఏమిటంటే, తుడవడం. గాజు తీగల్లో వెలుగు పోతూ ఉంటుంది, ఆ వెలుగే మన మాటలు మోసేది. ఒక తీగ కొస ఇంకోదాని కొసకు ఆనే చోట కంటికి ఆనని నలుసు పడినా చాలు, వెలుగు ఆగి ఫోన్లు మూగబోతాయి. కొసకు వేలు తగలకూడదు, నోటితో ఊదకూడదు. నూగు రాలని కాగితం మీద స్పిరిట్ చుక్క వేసి, కొసను ఒకే వైపు ఒక్కసారి లాగి, భూతద్దంలో చూసి మరీ బిగించాలి.

ఎట్టకేలకు కాళహస్తి నుంచి కుప్పయ్య అనే అతన్ని ఈ పనికి వేశారు. నలభై దాటిన మనిషి, నుదుట మూడు విభూతి రేఖలు, చెప్పింది చెప్పినట్టు చేసే రకం. మునిరత్నం అన్నీ చూపించాడు. చివరి రోజు, మనసు అప్పటికే చిత్తూరులో ఉండగా, ఒక మాట అన్నాడు.

"ఇంతే కుప్పయ్యన్నా. పూజలో వెండి సామాను ఎట్ల తుడస్తామో, అంత భక్తిగా తుడువు. లైను నిన్నేమీ చెయ్యదు."

చిత్తూరులో బాడుగ ఇల్లు కుదిరింది. దశమి మధ్యాహ్నం లోపల పాలు పొంగించాలని పంకజాక్షి కొత్త గిన్నెకు పసుపు రాసి కూర్చుంది. మునిరత్నం పెట్టె పట్టుకుని బస్సెక్కాడు. చంద్రగిరిలో బస్సు ఆగగానే కిటికీ పక్కకు ఆఫీసు జీపు వచ్చి నిలబడింది. డ్రైవరు నోరు తెరవకముందే మునిరత్నం పెట్టె అందుకున్నాడు.

"లైను పోయిందన్నా. సార్ నిన్ను పిల్చుకోని రమ్మన్నాడు."

గది నిండా కర్పూరం వాసన. తీగలు తగిలించే ఇనుప పెట్టెల మీద నిన్నటి ఆయుధపూజ బొట్లు అట్లాగే ఉన్నాయి. ఆ చలిలో కూడా మునిరామయ్యకు చెమటలు పోస్తున్నాయి. కుప్పయ్య చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాడు.

"ఏం చేసినావన్నా?" అని అడిగాడు మునిరత్నం.

"నువ్వు చెప్పినట్లే చేసినానప్పా. దశమి పూట చేతికొచ్చిన పని గదా అని, ఒక్కో కొసా పీకి, విభూతి పెట్టి రుద్దినా. మా ఇంట్లో వెండి సామాను అట్లనే తుడస్తాం."

మునిరత్నానికి కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది. అందరిళ్ళలోనూ వెండికి మెరుపు తెచ్చేది విభూతే. తన తల్లీ అట్లాగే రుద్దేది. ఆ సంగతి తెలిసీ నోరు జారాడు.

భూతద్దంలో చూస్తే బూడిద, బూడిద కింద గీతలు. కొన్ని కొసలు తుడిస్తే బాగుపడ్డాయి. గీతలు పడ్డవాటిని పీకేసి కొత్త తీగలు తగిలించాడు. కుప్పయ్య పక్కన నిలబడి అడిగిన కాగితం అడిగినట్టు అందించాడు. పెట్టెల మీద పచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

"తప్పు నాది సార్. నేనే అట్ల చెప్పినా. అన్నకు ఇంకొక్క వారం నేర్పిస్తా," అన్నాడు మునిరత్నం.

"ఎవరిదైతే ఏముందిలే," అన్నాడు మునిరామయ్య, కుప్పయ్య దగ్గరున్న తాళాలు తీసుకుని మునిరత్నం చేతిలో పెడుతూ. "నువ్వు బస్సెక్కి గంట కాలేదు, సూసినావు గదా. ఈయన్ని కాళహస్తికి పంపించేస్తా. నీ సంగతి ఉగాది పోయినాక సూద్దాం."

మేనేజరు వెళ్ళాక తలుపులు రెండూ వాటంతటవే మూసుకున్నాయి. మునిరత్నం బాగుపడిన లైను మీదనే చిత్తూరు ఇంటి ఓనరు దేవకమ్మకు ఫోను చేశాడు. ఆమె పంకజాక్షిని పిలిచింది.

"అబ్బ, ఎంత బాగా వినపడతా ఉండాది," అంది పంకజాక్షి సంతోషంగా. "తిరుపతి నుంచి చేస్తే ఎప్పుడూ సగం మాటలు తెగిపోయేవి. చిత్తూరికి వచ్చేసినారా? బస్టాండులో ఉండారా? పాలు పొయ్యి మీద పెట్టేదా?"

మునిరత్నం చేతిలోని తాళాలు చూసుకున్నాడు.

"పెట్టు పంకజా," అన్నాడు. "నువ్వే పొంగించు."

అవతల నుంచి మాట రాలేదు. లైను పోయిందేమో అనుకోవడానికి కూడా లేదు. ఆమె ఊపిరి పీల్చుకోవడం సైతం స్పష్టంగా వినపడుతోంది.