ఒకే బాక్సు, రెండు టీవీలు

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి పెళ్లి కాలేదు. మేడమీద ఒంటిగదిలో ఉండేవాడు. కింది వాటాలో అన్నా వదినా. అన్న పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు కింద వదిన ఒక్కతే, పైన తనొక్కడే.

ఇంట్లో సెట్‌టాప్ బాక్సు ఒకటే. అది కింద హాల్లో ఉండేది. దానినుంచి వైరు లాగి పైన తన పాత టీవీకి తగిలించుకున్నాడు. బొమ్మయితే వచ్చింది గాని, చానల్ మార్చాలంటే మెట్లు దిగి వెళ్లాలి. విసుగెత్తి తనే ఒక రిపీటర్ తయారుచేశాడు. కిటికీ ఎదుటి గోడకి ఒక చిన్న కన్ను బిగించాడు. పైన వాడుకోడానికి కొనుక్కున్న రెండో రిమోట్ నొక్కితే వచ్చే, మనకు కనపడని వెలుతురును అది పట్టుకుంటుంది. సన్నటి వైరు గుండా ఆ సైగ కిందికి దిగుతుంది. బాక్సు ముందు అతికించిన మిణుగురంత దీపం దాన్ని బాక్సుకు అందిస్తుంది. ఇబ్బందల్లా ఒకటే: ఎవరు మార్చినా ఇద్దరికీ మారుతుంది.

అన్న ఉన్నన్నాళ్లూ దానిమీద రోజూ రగడే.

"ఒరేయ్! వార్తలు చూస్తున్నానని తెలీదూ?" అని కిందినుంచి కేక.

"పొద్దున చూసినవేగా అన్నయ్యా!" అని పైనుంచి.

ఆ కేకలు ఆగిపోయాయి. వదిన మొదటినుంచీ మాటల పొదుపరి. మెట్ల దగ్గర ఎదురైతే "డ్యూటీకా?" అనేది. "అవునొదినా" అనేవాడు. అక్కడితో సరి.

అలాంటిది, కొన్ని వారాలుగా సాయంత్రాలు అతను రిమోట్ ముట్టుకోకుండానే చానల్ మారడం మొదలైంది. ఒకరోజు ఉన్నట్టుండి కుస్తీ పోటీలు వచ్చాయి. వదిన కుస్తీలు చూస్తోందా! అతనికి నవ్వాగలేదు. మర్నాడు అడవి ఏనుగులు, ఆ తర్వాత ఏదో నలుపుతెలుపుల హాస్య సినిమా. పోనీలే, మనిషి కాస్త తేరుకుంటోంది అనుకున్నాడు. ఇక తన రిమోట్‌ని పక్కన పడేసి, ఆమె ఏది పెడితే అదే చూడసాగాడు. ఒక జోకుకి గట్టిగా నవ్వి, కింద వదిన కూడా నవ్వే ఉంటుందనుకున్నాడు. డ్యూటీ నుంచి తొందరగా ఇంటికి రావడం కూడా అప్పుడే అలవాటైంది.

ఒక సెలవురోజు సాయంత్రం చానళ్లు పిచ్చెత్తినట్టు పరుగెత్తాయి. ఆగకుండా మారుతున్నాయి. సౌండు చెవులు చిల్లులు పడేలా పెరిగింది. ఆనక తెర నల్లబడింది. వదిన పడిపోయిందేమో, రిమోట్ చేతికింద నలిగిందేమో! చెప్పులైనా వేసుకోకుండా కిందికి ఉరికి తలుపు దబదబా బాదాడు.

వదిన తడిచేతులతో తలుపు తీసింది.

"ఏమైంది, అంత కంగారుగా?"

"మీరు బాగానే ఉన్నారా? రిమోట్ అలా నొక్కేశారేంటి వదినా?"

"రిమోటా? అదెక్కడుందో కూడా నాకు తెలీదు."

"మరి రోజూ టీవీ చూస్తున్నారుగా?"

"నేనెక్కడ చూస్తున్నాను? ఇల్లు మరీ మూగబోతోందని పొద్దున్నే స్విచ్చేసి వదిలేస్తాను. వంటింట్లోకి ఏదో ఒక గొంతు వినపడితే చాలు. మార్చేది నువ్వేగా?"

"కుస్తీలు కూడానా?"

"నీకు ఇష్టమేమోలే అని ఊరుకున్నాను."

అతను హాల్లోకి అడుగుపెట్టాడు. టీవీ ఎదుట కుర్చీ మీద ఉతికిన బట్టలు కుప్పగా ఉన్నాయి. అక్కడ ఎవరూ కూర్చుని చాలా రోజులైనట్టుంది. "ఎక్కడో తేడా కొట్టినట్టుంది, చూస్తాను" అని బాక్సు ఆన్ చేసి మేడెక్కాడు.

పనిలో పడితే మనసు కుదుటపడుతుందని అతని నమ్మకం. రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసేశాడు. అయినా చానల్ మారింది. రిపీటర్ వైరు ఊడదీశాడు. ఆగింది. అంటే రోగం తన చేతిపనిలోనే ఉంది. టంకం వేసిన చోట్లన్నీ చూశాడు, కిటికీ అంచుకి రాసుకున్న చోట వైరుని తడిమాడు, మీటరు పెట్టి పరీక్షించాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. వైరు మళ్లీ తగిలించి ట్యూబులైటు ఆర్పాడు. అయినా మారుతూనే ఉంది; దాని మిణుకు కాదన్నమాట. చివరికి కన్నుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. చానళ్లు మారడం ఆగిపోయింది. చెయ్యి తీశాడు. మళ్లీ మొదలు.

బయటినుంచే ఏదో వచ్చి పడుతోంది. మామూలు కంటికి కనపడని ఆ వెలుతురు ఫోను కెమెరాకి చిక్కుతుంది. ఫోను తీసి కిటికీలోంచి చూశాడు. ఇరుకు వీధికి అవతల, ఎదురింటి కిటికీలో ఊదారంగు చుక్క ఒకటి టకటకా వెలుగుతోంది. దాని వెనక పడక్కుర్చీలో ఒక పెద్దాయన. రిమోట్‌ని అరచేతిలో కొట్టుకుంటూ, బటన్లన్నీ కసిగా నొక్కుతున్నాడు. ఆయన టీవీ కిటికీ కిందే ఉన్నట్టుంది. గురి తప్పినదంతా వీధి దాటి ఇటు వస్తోంది. ఆయనదీ ఇదే కంపెనీ బాక్సు కాబోలు.

ఇన్నాళ్లూ కుస్తీలు చూసింది, ఏనుగుల్ని చూసింది, ఆ జోకుకి తనతోపాటు నవ్వింది ఈయనన్నమాట. ఆయనకి ఆ సంగతే తెలీదు. మెకానిక్ చెయ్యెత్తి ఊపాడు. పెద్దాయన తలెత్తలేదు.

ఇక చేసేది కొంచెమే. అట్టముక్క కత్తిరించి గొట్టంలా చుట్టి కన్ను చుట్టూ అతికించాడు. దాని మూతిని కిటికీ వైపు కాకుండా తన మంచం వైపు తిప్పాడు. బ్యాటరీలు వేసి నొక్కితే చానల్ మారింది. ఎదురింట్లో పెద్దాయన నొక్కుతూనే ఉన్నా తెర కదల్లేదు. నాలుగైదు చానళ్లు తిప్పాడు. ఎక్కడా చూడబుద్ధి కాలేదు. పెట్టింది పెట్టినట్టే ఉంది. మార్చేవాళ్లు లేరు.

ఆ సంగతి చెబుదామని కిందికి దిగాడు. వంటింటి గుమ్మం దగ్గర చతికిలబడ్డాడు.

"బాగైంది వదినా. ఎదురింటి పెద్దాయన రిమోట్ మనింట్లో పనిచేస్తోంది."

"అవునా! ఆయనా ఒక్కరేనా?"

"అలాగే ఉన్నారు."

ఆమె గిన్నెలు తుడుస్తూ తలూపింది.

"మీకేది కావాలో చెప్పండి, ఇకమీదట అదే పెడతాను," అన్నాడు.

ఆమె తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది.

"ఏమో. ఎప్పుడూ మీ అన్నయ్యే పెట్టేవారు. నాకేం ఇష్టమో ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. ఆలోచించి చెప్తాలే."

"తొందరేం లేదు," అన్నాడు.

చెప్పాల్సింది అయిపోయింది. అయినా అతను లేవలేదు. ఆమె వెళ్లమనలేదు. హాల్లో టీవీ మాత్రం కుర్చీ మీది బట్టలకి ఏదో చెబుతూనే ఉంది.