భుజం దగ్గర ముడత

నా మొహం సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నాకు ఉద్యోగం ఇస్తానన్నది దాన్ని చూసే. నోట్లో వేలు పెడితే కొరకలేదు అన్నట్టుంటాను. చిన్నప్పుడు నేను పగలగొట్టిన గ్లాసులకి కూడా మా అక్కే తిట్లు తింది.

జర్నలిజం డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు ఏదో ఒక పేపర్లో పనిచేసి, అక్కడివాళ్ళ సంతకంతో సర్టిఫికెట్ తేవాలి. అది లేకపోతే డిగ్రీ చేతికి రాదు. నన్ను వేసిన పేపర్లో సిటీ వార్తలు చూసే చీఫ్ మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "రాయడం తర్వాత నేర్చుకుందువుగాని. ముందు ఫొటోలు పట్రా" అన్నాడు.

ఫొటోలంటే పోయినవాళ్ళ ఫొటోలు. మంటల్లోనో, నీళ్ళలోనో, రోడ్డు మీదో ఎవరైనా పోతే మర్నాటి పేపర్లో వాళ్ళ మొహం ఉండాలి. ఇంట్లో ఏడుపు సగంలో ఉండగానే నేను వెళ్ళి అడగాలి.

"ఫోన్‌తో తీసుకుంటే సరిపోదా సార్?" అన్నాను.

"భేషుగ్గా సరిపోతుంది. నీ వెనకాలే వచ్చే అవతలి పేపరువాడికీ సరిపోతుంది. అందుకే అసలు ఫొటోయే పట్రా. ఆల్బం ఉంటే ఆల్బమే పట్రా. గోడ మీద మేకు తప్ప ఏమీ మిగలకూడదు."

అప్పుడే లేచి వచ్చెయ్యాల్సింది. రాలేదు సరికదా, ఆ పనిలో ఆరితేరాను. తల్చుకుంటే ఇప్పుడు రోత పుడుతుంది. తలుపు తీసినవాళ్ళు నన్ను చూసి ఎవరో తెలిసినవాళ్ళ పిల్ల అనుకునేవాళ్ళు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవాళ్ళు. "రేపు సాయంత్రానికి తెచ్చిస్తానండీ" అనేదాన్ని. పేరేమిటని అడిగినవాళ్ళు కూడా లేరు. తెచ్చిన ఫొటోకి చిరునామా రాసిన చీటీ గుచ్చి ఫొటో సెక్షన్లో ఇచ్చేదాన్ని. "తిరిగి పంపించారా?" అంటే, "పంపించేశాంలే" అనేవాడు అక్కడాయన. నమ్మాను. నమ్మితే మళ్ళీ ఆ ఇళ్ళకి వెళ్ళక్కర్లేదు కాబట్టి నమ్మాను.

పదకొండోది దర్జీ భార్య ఫొటో. బట్టల దుకాణంలో లిఫ్టు తెగిపడి అయిదుగురు పోయారు. ఆవిడ అక్కడ కౌంటర్లో పనిచేసేది. ఆవిడ ఫోను కూడా లిఫ్టుతోపాటే ముక్కలైంది. దర్జీది బొత్తాల ఫోను, అందులో ఫొటోలుండవు. ఇంటిమొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఫొటో, ఇద్దరూ బెంచీ మీద కూర్చుని తీయించుకున్నది. ఆయన ఫ్రేము వెనక మేకులు ఊడదీసి, ఫొటోని అంచులతో పట్టుకుని నా చేతిలో పెట్టాడు. "చెమట తగలనివ్వకమ్మా" అన్నాడు.

మర్నాడు అవతలి పేపర్లో నాలుగు మొహాలు, ఒక బూడిదరంగు నీడ వచ్చాయి. మా పేపర్లో అయిదు మొహాలూ వచ్చాయి. చీఫ్ నాకు ప్రత్యేకంగా టీ తెప్పించాడు. తాగాను కూడా.

తర్వాతి సోమవారం పిలిచి, "పరీక్షలవగానే చేరిపో. శుక్రవారంలోగా చెప్పు" అన్నాడు. మా క్లాసు నలభైమందిలో చదువు అవకుండానే ఉద్యోగం వచ్చింది నాకొక్కదానికే. అమ్మ మా బిల్డింగు మూడంతస్తులకీ చాటింపు వేసేసింది. కంపెనీలకి ప్రచారం రాసిపెట్టే ఆఫీసులో చేస్తున్న అక్క మాత్రం మూతి విరిచింది.

"మా ఆఫీసుకొచ్చెయ్యవే. మేమూ అబద్ధాలే చెప్తాం, కాకపోతే ఏసీలో కూర్చుని చెప్తాం."

మా లెక్చరర్ని అడిగితే, "ఇంకో రెండేళ్ళు చదివి నాలాగా పాఠాలు చెప్పుకో. నేను ఏడాది పేపర్లో చేసి పారిపోయొచ్చాను" అన్నారు. ఎందుకు పారిపోయారండీ అంటే హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలవడం మొదలెట్టారు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు మెట్లు దిగుతుంటే, కింద రిసెప్షన్ దగ్గర మెడలో టేపు వేసుకున్న మనిషి కనిపించాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"ఫొటో దొరక్కపోతే పోనీండమ్మా," అంటున్నాడు దర్జీ. "పేపర్లో పడ్డది దాచుకున్నాను. కాకపోతే అందులో మొహం వరకే ఉంది. అసలు ఫొటోలో ఆవిడ చెయ్యి నా భుజం మీద ఉందా, బెంచీ మీద ఉందా, అదొక్కటి ఎవరైనా చూసి చెబితే చాలు. రోజూ చూసేవాణ్ణే. ఇప్పుడెంత ఆలోచించినా గుర్తుకు రావట్లేదు."

"రేపు రండి," అంది రిసెప్షన్లో ఆవిడ.

ఆయన వెళ్ళిపోయాక అడిగితే, రావడం ఇది నాలుగోసారని చెప్పింది. ఆయన ఇచ్చిన రోజు ఆ ఫొటోని బస్సులో నలభై నిమిషాలు ఒళ్ళో పెట్టుకొచ్చాను. ఆవిడ మొహం అచ్చుకి పనికొస్తుందా లేదా అని చూశాను తప్ప, ఫొటోని ఫొటోగా ఒక్కసారి కూడా చూడలేదు. చెయ్యి ఎక్కడుందో నాకూ తెలియదు.

పైకి పరిగెత్తాను. ఫొటో సెక్షన్ ఆయన అన్నం డబ్బా మూత పెడుతూ, కింది డ్రాయర్ని కాలితో చూపించాడు. లాగితే సగందాకా వచ్చి ఇరుక్కుపోయింది, అంత నిండిపోయి ఉంది. పెళ్ళి ఫొటోలు, బడి ఫొటోలు, గుర్తింపు కార్డుల మీంచి పీకినవి. ఒకాయన మొహం మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది. చీటీలు పట్టుకుని వెతికితే నా చేతిరాతవి పదకొండూ అందులోనే దొరికాయి.

"పంపించేశామన్నారుగా?"

"ఎవరు పంపిస్తారమ్మా? రిపోర్టర్లు వాళ్ళ పని కాదంటారు, నేను నా పని కాదంటాను. నువ్వు బాధపడతావని అలా అన్నాను."

దర్జీ భార్య ఫొటోలో ఆవిడ ఒక్కతే ఉంది. కుడి పక్కంతా నున్నగా కత్తిరించేశారు.

"అయిదూ ఒకేసారి స్కానర్ మీద పట్టాలి కదా," అన్నాడాయన. "రెండో ముక్క చెత్తలో పోయుంటుంది."

చీఫ్ దగ్గరికెళ్ళి, దర్జీ అడిగిన మాట చెప్పి, ఫొటోలు ఇచ్చేసి వస్తానన్నాను. ఆయన కోప్పడలేదు.

"కత్తిరించింది తిరిగిస్తే కత్తిరించామని మనమే ఒప్పుకున్నట్టు. పోయిందంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. నువ్వే వెళ్ళి పోయిందని చెప్పు. చెయ్యి భుజం మీదే ఉందని కూడా చెప్పు, పాపం సంతోషిస్తాడు. నువ్వు చెబితే నమ్ముతాడు. అవి మాత్రం డ్రాయర్లో పెట్టేసి వెళ్ళు. పెట్టకపోతే సర్టిఫికెట్ మీద నా సంతకం ఉండదు, ఉద్యోగమూ ఉండదు."

బెదిరింపుకి కాదు నాకు అసహ్యం వేసింది. పాపం అన్న మాటకి. అది నిజంగా జాలితోనే అన్నాడు. సరే సార్ అని తలూపాను. నా మొహం చూసి ఆయన కూడా నమ్మాడు. పదకొండు ఫొటోలూ సంచిలో వేసుకుని మెట్లు దిగాను.

దర్జీ కొట్టు ఒక మేడ మెట్ల కింది గది. మిషను, స్టూలు, మేకులకి వేలాడుతున్న సగం కుట్టిన చొక్కాలు. గోడ మీద ఖాళీ ఫ్రేము ఉంది. అద్దం శుభ్రంగా తుడిచి ఉంది. నన్ను చూడగానే ఆయన స్టూలు జరిపాడు.

"నువ్వొస్తావని తెలుసమ్మా. ఆ రిసెప్షన్లో ఆవిడకి కూడా చెప్పాను, ఆ పిల్ల అలాంటిది కాదని."

భుజం మీదే ఉందండీ అని ఒక్క మాట అంటే చాలు, ఇద్దరం హాయిగా ఉంటాం. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"అలాంటిదాన్నేనండీ," అన్నాను. ఫొటో ఇచ్చాను. కత్తిరించింది మేమేనని, రెండో ముక్క చెత్తలో పోయిందని, చెయ్యి ఎక్కడుందో నేను చూడనేలేదని వరసగా చెప్పేశాను.

తిడితే బాగుండుననిపించింది. కత్తిరించిన అంచు వెంట ఆయన బొటనవేలు పోనిచ్చి, "కత్తెర మంచిదే. ఎక్కడా వంకర పోలేదు" అన్నాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, మిషను దీపం వేసి, ఫొటోని దాని కిందకి జరిపాడు. ఎంతసేపు చూశాడో తెలియదు.

"ఈ బట్ట నేను కుట్టిందే," అన్నాడు. "చెయ్యి కిందకి ఉంటే భుజం కుట్టు తిన్నగా ఉండాలి. ఇదిగో, ఇక్కడ మెడ దాకా లేచి ముడత పడింది. చంక దగ్గర లాగుతోంది. చెయ్యి ఎత్తితేనే అలా వస్తుంది. బెంచీ మీద పెట్టుకుంటే రాదు."

వంగి చూశాను. ముడత ఉంది. ఎలా చూడాలో నేర్పే చదువని చెప్పి నేను ఇన్నేళ్ళు చదివాను, చూసి తెలుసుకున్నది మాత్రం ఆయన. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆయన ఫొటోని ఫ్రేములో పెట్టాడు. ఆవిడని ఎడమ పక్కకి జరిపి, కుడి పక్క అట్టని ఖాళీగానే వదిలేశాడు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా అమ్మా?"

"నా సంచిలో పది ఉన్నాయండీ. అక్కడ డ్రాయర్లో ఎన్నో."

ఫ్రేము వెనక మేకులు బిగిస్తూ, "అందరూ దర్జీలే అయి ఉండరు కదమ్మా," అన్నాడు.

బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. చీఫ్. డ్రాయర్ చూసుకున్నట్టున్నాడు. మోగనిచ్చాను. రెండో చిరునామా రెండు వీధుల అవతలే. తలుపు ముందు నిలబడి, ఈసారి కొట్టబోయే ముందు ఫొటో తీసి చూశాను. బడి మెట్ల మీద మూడు వరసల్లో పిల్లలు. మధ్య వరసలో ఒక మొహం ఉండాల్సిన చోట గుండ్రంగా కన్నం ఉంది. అందులోంచి నా వేలు కనిపిస్తోంది.

లోపల ఎవరో నడుస్తున్న చప్పుడు. తలుపు కొట్టాను.