తోక మింగే గోడ

ఈ కథ నాకు మొదలు చెప్పింది రాజవ్వ. బొంబాయి కామాటిపురాల మా వెనక గల్లీ చాల్‌ల, ఖాశింబీ ఖోలీకి ఆనుకొని ఆమె ఖోలీ. చాల్ అంటే వరుసగ ఒంటిగది ఖోలీలుండే బిల్డింగు. తర్వాత శానమంది శాన తీర్ల చెప్పిన్రు. ఎవరు తెల్వక తప్పు చెప్పిన్రో, ఎవరు కావాల్నని చెప్పిన్రో నాకు ఎరుకే. అందుకే రాజవ్వ చెప్పినట్టే రాస్తున్న.

పొద్దుగాల నల్లా వచ్చే యాళ్లకు ఆ చాల్‌ల ఎవరి తిప్పలు వాళ్లవి. ఆడోళ్లు బిందెలు వరుసల పెట్టేటోళ్లు. ఫాక్‌లాండ్ రోడ్ దుకాన్లల్ల పనికి పోయే మగోళ్లు భుజం మీద తువాల ఏస్కొని కక్కసుల కాడ నిలబడి ఒకని మీద ఒకడు గునిసేటోళ్లు. ఖాశింబీ మటుకు తలుపు తెరిచి, దూది ఏకే విల్లు దించుకొని, గోడ దిక్కు మొకం పెట్టి కూసునేది. అప్పుడు గోడ మాట్లాడేది.

ఆ చాల్ కట్టింది మా తాతలే. సున్నంల ఏం కలిపిన్రో ఎవరికీ తెల్వదు. ఆ ఖోలీల ఎవరు ఏమన్నా గోడ పట్టుకునేది. తెల్లారి నల్లా చప్పుడుకు లేచి చెప్పేది. నిన్నటి మాట చెప్పేది, ఏండ్ల కిందటి మాట గూడ చెప్పేది. గట్టిగ అన్న మాట ముందుగాల చెప్పేది, మెల్లగ అన్నది ఎన్నడో చెప్పేది. పట్టిన మాట ఇడిచిపెట్టకపోయేది. గొంతు ఒక్కటే, పడిశం పట్టినోని గొంతు లెక్క. కొందరి గోడలకు చెమ్మ ఉంటది, ఈ గోడకు నోరుంది, అంతే. చాడీలు చెప్పుకునేటోళ్లు బయటికొచ్చి గ్యాలరీల నిలబడి చెప్పుకునేటోళ్లు.

దానికి ఒక్కటే అవలక్షణం. మాట చివర దీర్ఘం మింగేది. "వంకాయలు తెచ్చినవా" అని అడిగితే, తెల్లారి "వంకాయలు తెచ్చినవ్" అనేది. మన తెలుగుల అడుగుడంతా ఆ తోకలనే ఉంటది గద. తోక పోతే అడిగిన ముచ్చట అయిపోయిన ముచ్చట అయితది.

పెండ్లైన కొత్తల మొగడు మదార్ సాబ్ పని నుంచి వచ్చి, "ఖాశీ, బువ్వ తిన్నవా" అని అడిగేటోడట. గోడ అది పట్టుకుంది. మదార్ సాబ్ భివండీల ఇంకోదాన్ని చేసుకొని అక్కడనే ఉండిపోయిన తర్వాత, ఖాశింబీ పొయ్యి వెలగని పొద్దుల గూడ గోడ "ఖాశీ, బువ్వ తిన్నవ్" అనేది.

"తిన్న, నీ సున్నం తిన్న, మూస్కో నోరు" అనేది ఖాశింబీ. ఇవతల రాజవ్వ నవ్వేది. నవ్వి, గిన్నెల ఇంత జొన్న గటక పట్టుకొని పోయేది.

వాళ్లు దూదేకులోళ్లు. పాలమూరు దిక్కు నుంచి మావోళ్ల ఎంబడే వచ్చినోళ్లు. నమాజు సాయిబులది, ఇంట్ల మాట తెలుగు. మసీదు కాడ "మీరు సగం హిందువులు" అనిపించుకునేటోళ్లు, మా కాడ "మీరు తురకోళ్లు" అనిపించుకునేటోళ్లు. ఖాశింబీ గాదీలు, రజాయిలు కుట్టి బతికేది. దూది నూగు పడి పడి కండ్లు మసకేసినయ్. సూదిల దారం ఎక్కుడు కష్టమైంది.

ఎనభై అయిదుల ఢిల్లీ పెద్దకోర్టు, తలాకైన ఒక ముసలామెకు మొగడు తిండిఖర్చు ఇయ్యాల్సిందే అని తీర్పు చెప్పింది. ఆ ముచ్చట మా గల్లీకి గూడ వచ్చింది. తలాకైనామెకే ఇయ్యాలంటే తలాకు గాని నాకు ఎందుకియ్యడని ఖాశింబీ కోర్టుల అర్జీ పెట్టింది. వాయిదాలు పడుతుండంగనే, మరుసటేడు ఢిల్లీల కొత్త కానూన్ చేసిన్రు. ఆ పెద్దోళ్ల కొట్లాటల ఎవరికి ఓట్లు కావాల్నో ఎవరికి మతం కావాల్నో నాకు తెల్వదు. కానూన్ మటుకు ఇట్లున్నది: తలాకైన ఆడదానికి మొగడు ఇద్దత్ దాకనే పెట్టాలె, అంటే మూడు నెల్లు. అటెన్క పుట్టింటోళ్లను అడగాలె, వాళ్లకు లేకుంటే వక్ఫు బోర్డును అడగాలె.

మదార్ సాబ్ వకీలు ఈ సందు చూసిండు. "నా ఖోలీలనే, దాని మొకం మీదనే ఎప్పుడో మూడుసార్లు తలాక్ అన్న" అని మదార్ సాబ్‌తోని చెప్పిచ్చిండు. అట్లైతే ఇద్దత్ ఎప్పుడో గడిచిపోయినట్టు. తిండిఖర్చు లేదు. ఖోలీ మదార్ సాబ్ పేరు మీద ఉంది గనక ఖాళీ చెయ్యాలె. ఖాళీ చేస్తే ఆ గల్లీ మలుపు తిరిగినంక, సానిండ్ల నడుమ, ఒంటరి ఆడదానికి దొరికే ఖోలీ ఎట్లాంటిదో కామాటిపురాల పుట్టినోళ్లకు చెప్పనక్కర్లే.

ఈ మాట ఇని ఖాశింబీ ఏడ్వలే, నవ్వింది. "పిచ్చోడు! గోడ సంగతే మర్శిపోయిండు. నా ఖోలీల అంటే గోడ ఇనకుంటదా?"

రాజవ్వను ఎంబడి తీస్కొని హఫీజ్ సాబ్ కాడికి పోయింది. చిన్న మసీదుల పిల్లలకు చదువు చెప్పే ముసలాయన, పాలమూరాయనే. తెలుగు మాకంటే సాఫ్ మాట్లాడేటోడు.

"బేటీ, ఇడిచిపెట్టేటప్పుడు గూడ మర్యాదతోని ఇడిచిపెట్టుమని, ఉత్తచేతులతోని పంపకుమని అల్లా కితాబ్‌ల ఉంది" అన్నడు హఫీజ్ సాబ్. "చదివేటోళ్లు తక్కువైన్రు, జెండా కట్టి ఊపేటోళ్లు ఎక్కువైన్రు. మీ గోడ ఇన్నేండ్లల ఆ మాట అననే లేదంటే ఖోలీల అనలేదన్నట్టే. నేనొచ్చి నా చెవులతోని ఇంట. ఇని, మసీదు జమాత్ తరఫున కోర్టుకు చిట్టీ రాస్త."

"గోడ సాక్ష్యం మీ శాస్త్రంల నడుస్తదా సాబ్?" అని రాజవ్వ అడిగింది.

"అబద్ధం చెప్ప తెల్వని సాక్షమ్మా. మనుషులల్ల దొరకలే. గోడల దొరికితే వద్దంటనా?"

అక్కడి దాక బాగనే ఉంది. చెడగొట్టింది భూమయ్య. చాల్ పంచాయితీకి ఆయన పెద్ద. నాకు వరుసకు బావ. ఆయన ఇంట్ల నేను నీళ్లు ముట్టి శానేండ్లైంది, అందుకని ఆయన మీద మంచి చెప్తనని ఎవరూ అనుకోవద్దు. లేనిది చెప్తనని గూడ అనుకోవద్దు.

"మా తాతలు కట్టిన గోడ తురకాయన ముంగట సాక్ష్యం చెప్తదా? ముందుగాల మన పంచాయితీ అయితది" అన్నడు భూమయ్య. ఆయితారం పగటియాళ్ల ఖాశింబీ ఖోలీల చాప పరిచి కూసున్రు. మదార్ సాబ్ భివండీ నుంచి తెల్లబట్టలేస్కొని వచ్చిండు.

"ఏం మదారన్నా, అల్లునోలె వచ్చినవ్" అని రత్నాబాయి వాకిట్ల నుంచి అన్నది. ఆమె రాజవ్వ తోడికోడలు. రాజవ్వ పక్కనే నిలబడ్డది. ఆడోళ్లు వాకిట్లనే నిలబడాలె, చాప మీద కూసోవద్దు, మా పంచాయితీల అది రివాజు.

భూమయ్య మీసం తుడుచుకొని గోడ దిక్కు తిరిగిండు. ఖాశింబీకి అర్థమైంది. వాకిట్ల నుంచి ఉరికి అడ్డమొచ్చింది.

"మామా, నీ కాల్మొక్త, దాని ముంగట అడగకు. తోక మింగుతదని నీకు ఎరుకే గద. అది రేపు దానంతటదే మాట్లాడుతది. ఆ మాట లేదని హఫీజ్ సాబ్ ఇంటడు."

"సాక్షిని అడగకుంట పంచాయితీ ఎట్లైతదే? దూది ఏకినట్టు అనుకున్నవా?"

"గ్యాలరీలకొచ్చి అడుగు బావా, నీ సాక్షి యాడికి పోదు" అన్నది రాజవ్వ.

"ఆడోళ్లు పంచాయితీల నోరు తెరువద్దు. తప్పేందో సాక్షి మొకం మీద సాఫ్‌గ అడగాలె. మా తాత కాలం నుంచి ఇదే పద్ధతి." ఖాశింబీని పక్కకు జరిపి, గోడ మీద చెయ్యేసి, గల్లీ దాక ఇనపడేటట్టు అడిగిండు: "ఈ ఖోలీల మదార్ సాబ్ ఖాశింబీకి మూడుసార్లు తలాక్ అన్నడా?"

గోడ ఆ యాళ్లకు ఏం మాట్లాడదు. అందరు లేచి పోయిన్రు. ఖాశింబీ తడిగుడ్డ తీస్కొని భూమయ్య చెయ్యేసిన జాగ అంత తుడిచింది. ఏకిన దూది తీసి గోడ బీటలల్ల ఒక్కొక్క దాంట్ల కుక్కింది. "ఏం చేస్తున్నవ్ వదినె" అని రత్నాబాయి అడిగితే, "ఇననట్టు చేస్తున్న" అన్నది.

తెల్లారి హఫీజ్ సాబ్ వచ్చిండు. మదార్ సాబ్ వచ్చిండు. పంచాయితీ మగోళ్లందరు వచ్చిన్రు. కింద నల్లా సప్పుడైంది. దూది కొంచెం కదిలింది. గోడ రెండుసార్లు దగ్గి అన్నది:

"ఈ ఖోలీల మదార్ సాబ్ ఖాశింబీకి మూడుసార్లు తలాక్ అన్నడు."

అందరికన్న ముందు మదార్ సాబే ఉలిక్కిపడ్డడు. ఆయన అన్నది లేదు గద. ఖాశింబీ దిక్కు ఒక్కసారి చూసి తల దించుకున్నడు. తర్వాత మెల్లగ తల ఎత్తిండు.

"సాబ్, అది గోడ మాట కాదు, నిన్న భూమయ్య బావ అడిగిన మాట" అన్నది రాజవ్వ. "నేను గూడ ఇన్న" అన్నది రత్నాబాయి.

హఫీజ్ సాబ్ మొకంల వెలుగొచ్చింది. "మా లెక్కల ఇద్దరు ఆడోళ్లకు తోడు ఒక మగాయన చెప్పాలె. మీరు వేరే మతమోళ్లని అడ్డం చెప్పేటోళ్లుంటరు, వాళ్లతోని నేను మాట్లాడుకుంట. భూమయ్యా, ఆ మాట నీదే అని ఒక్కసారి అను. ఇక్కడనే కూసోని రాస్త."

భూమయ్య అందరి దిక్కు చూసిండు. పద్ధతి పద్ధతి అని తాను చేసిందే తప్పని, ఆడోళ్లు వద్దన్నా ఇనలేదని చాల్ మొత్తం ముంగట ఒప్పుకోవాలె. అంతే కావాల్సింది.

"నా నోట్ల తురకల మాట ఎందుకొస్తది?" అన్నడు. "నేను అడగనే లే."

"వీళ్లు ఇన్నరు గద?"

"మా పంచాయితీల ఆడోళ్ల సాక్ష్యం లేదు."

సాయిబుల లెక్కల ఇద్దరు ఆడోళ్లు ఒక మగాయనకు సమానమని మావోళ్లు నవ్వుకునేటోళ్లు. మా లెక్కల ఇరవైమంది చెప్పినా సున్న. ఆ ముచ్చట ఎవరూ ఎత్తలే.

హఫీజ్ సాబ్ మిగిలిన మగోళ్లను అడిగిండు. చాల్ కమిటీ సెక్రటరీ శివరాం చదువుకున్న పోరడు, ఎలక్షన్ల మైకు పట్టుకునేటోడు, లేచి నిలబడ్డడు. "ఇది లోక్‌శాహీ. మందిదే రాజ్యం, ఒకరి మాట మీద ఎందుకు? భూమయ్య మామ అడగలేదనేటోళ్లు చేతులెత్తుండ్రి."

నిన్న అదే చాప మీద కూసోని ఇన్నోళ్లందరు చేతులెత్తిన్రు. రాజవ్వ పెనిమిటి మొగులయ్య ఆమె దిక్కు చూడకుంట ఎత్తిండు. ఓట్లు లెక్కపెట్టే పని గూడ పడలే.

హఫీజ్ సాబ్ చాయ్ ముట్టలే. చెప్పులు ఏసుకుంట, "బేటీ, నాకు తెల్సు. నాకు తెల్సుడు సాక్ష్యం కాదు" అన్నడు.

"మీరేం చేస్తరు సాబ్" అన్నది ఖాశింబీ. "మీ దాంట్ల న్యాయం ఉంది, మనిషి లేడు. వీళ్ల దాంట్ల మనుషులున్నరు."

చిట్టీ రాలే. కోర్టుల తలాకైనట్టే ఒప్పుకున్నరు, ఖోలీ ఖాళీ చెయ్యుమన్నరు. కొందరు సాయిబుల ఇండ్ల ఆడోళ్లు వచ్చి, ఇప్పుడన్న ఇద్దత్ కూసో, పుణ్యముంటది అన్నరు. "జరగని తలాకుకు ఇద్దత్ కూసుంటే అయినట్టే ఒప్పుకున్నట్టు" అని ఆమె కూసోలే. విల్లు రాజవ్వకు ఇచ్చి, పాలమూరు నుంచి వచ్చిన ఉప్పరి పనోళ్ల గుంపుల కలిసి, వాళ్ల గుడిసెల కాడికి పోయింది. సగం గుడ్డికండ్లతోని ఇసుక తట్టలు మోసింది. వానకాలం జరమొచ్చి పాణం పోయింది.

సాయిబులల్ల పెండ్లాం చచ్చిపోతే కఫన్ గుడ్డ మొగడు తేవాలె. భివండీకి కబురు పోయింది. "తలాకైన ఆడది నాకేమైతది" అని మదార్ సాబ్ గుడ్డ పంపలే. హఫీజ్ సాబ్ తన తలపాగ ఇప్పి ఇచ్చిండట. అది సాలలేదని కూలోళ్లు తలా ఒక గుడ్డ పేలిక కలిపిన్రట.

ఖోలీ కొన్నాయన అవతలి ఖోలీ గూడ కొని, గోడ పడగొట్టి రెండూ ఒకటి చేసుకున్నడు. భూమయ్య గూడ పోయిండు. ఆయన ఫోటో పంచాయితీ ఆఫీసుల ఏలాడుతుంది, కింద "న్యాయం తప్పని పెద్దమనిషి" అని రాసిన్రు. ఇప్పటి పోరగాండ్లు, ఖాశింబీకి తలాకైందని గోడనే సాక్ష్యం చెప్పిందట అని కథ లెక్క చెప్పుకుంటున్రు. నేను ఇనుకుంట ఊకోలేకపోతున్న. నాకు అక్షరాలు అంతంతే, నా రాత ఎవరూ పట్టించుకోరు. చదువుకున్నోళ్లు ఎవరన్న ఉంటే ఆ ఫోటో దించి కింది రాత కొట్టేయుండ్రి. ఖాశింబీకి తలాకు కాలే, మదార్ సాబ్ పెండ్లాంగనే సచ్చిపోయింది, ఆ మాట అన్నది గోడ కాదు, భూమయ్య, అని సాఫ్‌గ రాయుండ్రి.