మెడదాకా నీళ్ళు

"మా శాలిని వాళ్ళొచ్చారు, కాస్త టీ పెట్టు," అన్నాడు తిరుపతిరావు గుమ్మంలోంచి.

వంటింట్లో నాగవల్లి రేకుతో బురద ఎత్తి బకెట్లో పోస్తోంది. పొయ్యి బురదలోంచి పెకలించి కడిగింది. మేడ మీది సిలిండర్ తనే దింపుకుంది. దింపుతుంటే భుజం నొప్పి పుట్టిందో లేదో కూడా తెలియలేదు.

బుడమేరు వాగుకు గండిపడిన పొద్దున తిరుపతిరావు తల్లి సీతారావమ్మనీ, టీవీనీ మేడెక్కించాడు. తర్వాత మెట్ల మీద నిలబడి, కింద నాగవల్లి అందిస్తుంటే ఒక్కో సామానూ అందుకున్నాడు. బియ్యం, సిలిండర్, మిక్సీ. నీళ్ళు నడుము దాటాయి. "బీరువాలో నా పట్టుచీరలున్నాయే!" అని పైనుంచి అత్తగారి కేక. చీరల మూట నెత్తిన పెట్టుకుని మెట్ల దాకా వచ్చేసరికి నీళ్ళు మెడను తాకాయి. ఫ్రిజ్ తేలుతూ వచ్చి ఆమెను గోడకు నొక్కేసింది. ఊపిరాడక అరిచింది.

"ముందు చీరలివ్వు, తడుస్తాయి," అన్నాడు తిరుపతిరావు.

ఇచ్చింది. అందుకుని పైకి వెళ్ళిపోయాడు. ఫ్రిజ్‌ను తనే నెట్టుకుని, కిటికీ ఊచలు పట్టుకుని ఎలాగో మెట్లెక్కింది.

అలాంటి మాట ఆమెకు కొత్తేం కాదు. కడుపు పోయి రక్తం కారుతున్న రోజు కూడా, "అన్నం వార్చేసి రా, ఆటో పిలుస్తా," అన్నాడు. అప్పుడు ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. ఆకలీ లేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది.

టీ గ్లాసులు పట్టుకెళ్ళేసరికి తిరుపతిరావు చెల్లెలితో చెబుతున్నాడు. "చుక్క తగలకుండా అందర్నీ మేడెక్కించేశానమ్మా. అమ్మ చీరలతో సహా."

"అన్నయ్య ఉండబట్టి సరిపోయింది, కదా వదినా?"

"నేను మేడ మీద లేను శాలినీ. కిందున్నాను. మెడదాకా నీళ్ళొచ్చాయి. మీ అన్నయ్య చీరలందుకుని వెళ్ళిపోయాడు."

గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెప్పింది.

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది సీతారావమ్మ.

ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. తిరుపతిరావు, "వంటిల్లు ఇంకా సగం అలాగే ఉంది," అన్నాడు.

నాగవల్లి బోరింగు దగ్గరికెళ్ళి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. ఇంకా ఆరని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చి, బయల్దేరుతున్న శాలిని వాళ్ళ కారు పక్కన నిలబడింది.

"మీరు చల్లపల్లికి బెజవాడ మీదుగానే కదా వెళ్ళేది? నన్ను బస్టాండులో దింపండి. మంగళగిరి మా అక్కయ్య దగ్గరికెళ్తాను."

"మరి ఇల్లు, వదినా?"

"ఇంట్లో ఇద్దరున్నారుగా," అని కారెక్కి తలుపేసుకుంది.